దస్తావేజులో లేని ఫ్లాటు

చెన్నైలో టీ నగర్లోనో వెస్ట్ మాంబళంలోనో 1980లలో కొన్న ఫ్లాటు తాలూకు మొదటి దస్తావేజు మీ ఇంట్లో ఉంటే, ఒకసారి బీరువాలోంచి తీసి తీరిగ్గా చదవండి. ఫలానా సర్వే నంబరు, ఇన్ని గ్రౌండ్ల స్థలం, అందులో ఇన్ని చదరపు అడుగుల అవిభక్త వాటా మీకు అమ్మడమైనది అని ఉంటుంది. నాలుగు వైపులా హద్దులూ ఉంటాయి, స్థలానికి. రెండో అంతస్తు, తూర్పు వాకిలి, రెండు పడగ్గదులు, వంటింటి వెనక గిన్నెలు తోముకునే బాల్కనీ, వీటి ఊసు చాలా దస్తావేజుల్లో కనబడదు. ఇల్లు కట్టిచ్చే సంగతి వేరే కాగితంలో, బిల్డరుతో చేసుకున్న ఒప్పందంలో ఉంటుంది. ఆ కాగితం చాలాచోట్ల రిజిస్టరు కూడా కాలేదు. కొందరి ఇళ్లలో అది ఇప్పుడు దొరకను కూడా దొరకదు.

ఇందులో మోసమేమీ లేదు. చెన్నైలో దశాబ్దాల పాటు ఫ్లాట్లు అమ్మిన తీరే అది. స్థలం వాటాకు మాత్రమే అమ్మకం దస్తావేజు రాస్తే స్టాంపు డ్యూటీ దాని మీదే పడేది, కట్టుబడి ఖర్చు మీద పడేది కాదు. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ కలిసొచ్చింది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. కొత్త ఫ్లాట్లకు స్థలం, కట్టడం కలిపి ఒకే విలువ మీద రిజిస్ట్రేషను చేసే పద్ధతిని తమిళనాడు ప్రభుత్వం 2023 డిసెంబరు నుంచి తెచ్చింది. అంతకుముందు కొన్నవాళ్ల చేతిలో ఉన్నది, కాగితం మాట మాట్లాడితే, నేలలో ఒక వాటా. ఇక్కడ అందరూ దాన్ని యూడీఎస్ అంటారు.

పాత ఫ్లాటును పడగొట్టి కడతామని బిల్డర్లు ఇప్పుడు వీధి వీధీ తిరుగుతున్నారు. నెల్లూరు, గూడూరు, తిరుపతి నుంచి వచ్చి నలభై ఏళ్లుగా ఇక్కడే స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో ఆదివారం పూట మాటంతా ఇదే. ఎన్ని అడుగులు ఎక్స్‌ట్రా ఇస్తారు, ఎన్నాళ్లు బయట అద్దెకుండాలి, లిఫ్ట్ వస్తుందా. ఈ ప్రశ్నలు వేసుకునే ముందు నేలలో మన వాటా ఎంతో తేలాలి.

గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు. ఇది మద్రాసు కొలత, గజాల లెక్కకు అలవాటుపడ్డవాళ్లు 266 గజాల పైచిలుకు అనుకోవచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు గ్రౌండ్ల స్థలం, అంటే 4,800 అడుగులు. దాని మీద గ్రౌండ్ ఫ్లోరు, పైన మూడంతస్తులు, అంతస్తుకు రెండు చొప్పున ఎనిమిది ఫ్లాట్లు, ఒక్కోటి 900 అడుగులు. మొత్తం కట్టుబడి 7,200. స్థలాన్ని సమానంగా పంచితే ఒక్కో ఫ్లాటుకు 600 అడుగుల యూడీఎస్ రావాలి.

రావాలి గానీ, అన్నిచోట్లా రాదు. ఒక్కొక్కరికి 500 చొప్పున రాసిచ్చి ఊరుకున్న భవనాలు ఉన్నాయి. ఎనిమిది ఐదువందలు నాలుగు వేలు. మిగిలిన 800 అడుగులు ఎవరివి? కాగితాల ప్రకారం ఇప్పటికీ మొదటి స్థల యజమానివి, ఆయన పోయుంటే ఆయన వారసులవి. ఇళ్లల్లో ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఎనిమిది కుటుంబాలకు ఆ సంగతే తెలియదు. బిల్డరు తరఫు లాయరుకు మాత్రం మొదటి వారంలోనే తెలుస్తుంది. కాబట్టి అసోసియేషను చేయాల్సిన మొదటి పని ఎనిమిది దస్తావేజులు ఒక బల్ల మీద పెట్టి యూడీఎస్ అంకెలు కూడటం. ఎవరైనా దస్తావేజు చూపించడానికి మొహమాటపడితే ఆ సర్వే నంబరుకు ఈసీ, అంటే రిజిస్ట్రేషను ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టు, తీయిస్తే అన్ని లావాదేవీలూ వరసగా బయటపడతాయి. పట్టా ఎవరి పేరు మీద ఉందో కూడా అప్పుడే చూసుకోవాలి. చాలాచోట్ల అది కదలకుండా పాత ఆసామి పేరు మీదే ఉంటుంది.

ఇల్లు పాతబడుతుంది. బాత్రూము పక్క శ్లాబు పెచ్చులూడి, లోపలి కమ్మి తుప్పు పట్టి ఉబ్బి, వేలితో గీకితే ఎర్రటి పొడి రాలుతుంది. నేల పాతబడదు. పాత ఫ్లాటు రేటు అని మనం చెప్పుకునేదాంట్లో అత్యధిక భాగం ఆ 600 అడుగులదే.

ఆ నేల సంగతి చెప్పుకోవాలి. ఇదంతా వందేళ్ల కిందట చెరువు. లాంగ్ ట్యాంక్ అనేవారు, నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు సాగిన పొడుగాటి చెరువు. 1920లలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం దాన్ని పూడ్చి కొత్త పేట వేసింది. ఆ పార్టీ పెద్ద సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పేటకు, అప్పటి ముఖ్యమంత్రి పానగల్ రాజా పేరు నడిమి పార్కుకు పెట్టారు. ఇద్దరూ తెలుగువాళ్లే, పానగల్ రాజా శ్రీకాళహస్తిలో పుట్టినవాడు. రైలు కట్టకు అవతల వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డని ఇప్పటికీ ఉంది. లేక్ లేదు, వ్యూ లేదు, రోడ్డు మిగిలింది. అయితే నీళ్లు తమ చోటు మరిచిపోలేదు. 2015లోనూ 2021 నవంబరులోనూ ఈ వీధుల్లో గ్రౌండ్ ఫ్లోరు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. రైలు కట్ట కింది దురైసామి సబ్‌వే సంగతి సరేసరి. అందుకే ఇక్కడ గ్రౌండ్ ఫ్లోరు వాళ్లు కొత్త భవనం మాట ఎత్తగానే ఒప్పుకుంటారు, రెండో అంతస్తు వాళ్లు నసుగుతారు. బయటివాళ్లకు ఇది అత్యాశా మొండితనమూ అనిపించవచ్చు. సగం గొడవ వాననీటిది.

పేట వేసినప్పుడు పెద్ద రోడ్లు పార్కు నుంచి చీలాయి, వాటి మధ్య బంగళాల కోసం సన్న వీధులు వచ్చాయి. ఆ బంగళాల స్థలాల్లోనే తర్వాత నాలుగంతస్తుల ఫ్లాట్లు లేచాయి. ఇంకా ఎత్తు ఎందుకు లేవలేదంటే, వీధి సన్నం కాబట్టి. 2019లో వచ్చిన తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, భవన నియమాల ప్రకారం 18.30 మీటర్లు దాటితే హైరైజ్ కింద లెక్క. దానికి ముందున్న రోడ్డు కనీసం 12 మీటర్లయినా ఉండాలి. పాత వీధుల్లో ఆ వెడల్పు అరుదు. అందువల్ల స్టిల్ట్ మీద, అంటే స్తంభాల మధ్య కార్లు నిలిపే నేల అంతస్తు మీద, ఐదంతస్తుల దగ్గర ఆగక తప్పదు. ఈ పేట ఇప్పటికీ నడవదగ్గ పేటగా మిగలడానికి ఈ ఇరుకే ఒక కారణమని నా అభిప్రాయం. వీధికి పాతిక ఇళ్లుంటే దుకాణానికి గిరాకీ చాలదు, వెయ్యి ఇళ్లుంటే వీధి కార్లతో ఆగిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్న జనంతోనే కూరగాయల బండి, మందుల షాపు, ఫిల్టరు కాఫీ పొడి కొట్టిచ్చే కొట్టు, ఇస్త్రీ బండి అన్నీ ఇంటికి కూతవేటు దూరంలో బతుకుతాయి.

మాంబళం స్టేషను నుంచి టీ నగర్ బస్టాండు దాకా 2023లో 570 మీటర్ల ఆకాశ నడకదారి కట్టారు. రంగనాథన్ వీధి తోపులాటలో పడకుండా రైలు దిగి బస్సెక్కవచ్చు. అంతకుముందే 2019 నవంబరులో పాండీ బజారులో కాలిబాటలు వెడల్పు చేసి, బెంచీలు వేసి, కార్లకు చోటు తగ్గించారు. వెంకటనారాయణ రోడ్డులో తిరుపతి దేవస్థానం వారి గుడి, విజయరాఘవ రోడ్డులో ఆంధ్రా క్లబ్బు, జీఎన్ చెట్టి రోడ్డులో మన చిత్తూరు నాగయ్యగారు 1945లో కట్టించిన వాణీ మహల్. డెబ్బై ఏళ్ల మనిషి సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరి, బండి అన్నదే ఎక్కకుండా దర్శనం, కచేరీ రెండూ చూసుకుని రావచ్చు. వెస్ట్ మాంబళం వాళ్లకు ఆర్యగౌడ రోడ్డులో అయోధ్య మండపం ఉండనే ఉంది.

పెద్ద రోడ్డు దిగి వీధిలోకి వస్తే ఆ కాలిబాట అంత బాగుండదు. ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన తలుపు ఊడిన కరెంటు పిల్లర్ బాక్సు, పూలమ్మి గంప, నిలబెట్టిన బుల్లెట్లు. వీటన్నిటికంటే నడిచేవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది కొత్త భవనాల ర్యాంపు. కారు గేట్లోకి ఎక్కడానికి కాలిబాటను తెగ్గోసి వాలుగా సిమెంటు పోస్తారు. నాలుగు భవనాలకు నాలుగు ర్యాంపులు వస్తే కాలిబాట మీద నడవడమంటే ఎక్కడం దిగడమే. మోకాళ్లు అరిగినవాళ్లు విసిగి రోడ్డు మీదే నడుస్తారు.

ఆ ర్యాంపు వెనక ఒక నిబంధన ఉంది. స్టిల్ట్ పార్కింగును ఎఫ్ఎస్ఐ లెక్కలో కలపరు. ఎఫ్ఎస్ఐ అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే అంకె. పాతరోజుల్లో ఇక్కడ మామూలు ఫ్లాట్లకు అది 1.5 ఉండేది, 2019 నియమాల్లో 2 అయింది. పార్కింగు అంతస్తుకు లెక్క లేదు, పైగా కొత్త ప్లానుకు కార్ల చోటు చూపించక తప్పదు. అప్పుడు ఏ బిల్డరైనా నేల అంతస్తంతా కార్లకే ఇస్తాడు. పాత భవనంలో గ్రౌండ్ ఫ్లోరులో ఒక ఇల్లుండేది, కిటికీలోంచి ఎవరో ఒకరు వీధిని చూస్తూ ఉండేవారు, కరెంటు పోతే వాకిట్లో కుర్చీ వేసుకునేవారు. కొత్త భవనం ముందు ఇనప గ్రిల్లు, చీకటి, వాచ్‌మన్ సెల్‌ఫోను వెలుతురు. నడవగలిగే పేట కాబట్టే ఈ నేలకు ఆ ధర వచ్చింది. ఆ ధర చూసి కట్టే కొత్త భవనాలు వీధి మొహాన్ని కార్లకు అప్పగిస్తున్నాయి. దీన్ని చట్టం ఆపదు. ప్లాను గీసే రోజున ఫ్లాట్ల వాళ్లే పట్టుబట్టి ముందువైపు ఒక చిన్న దుకాణమో, కూర్చునే అరుగో, ర్యాంపు మొత్తం గేటు లోపలికి జరగడమో అడిగితే జరగవచ్చు. అడిగేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

పడగొట్టే దాకా ఎలాగూ అందులో ఉండాలి కదా, రోజువారీ తగాదాల సంగతి కాస్త చూద్దాం. నెల మెయింటెనెన్సు ఫ్లాటుకింతా అడుగుకింతా అన్నది ఏ అసోసియేషనులోనూ తెగని వాదన. ఎనిమిది ఇళ్లూ ఒకే సైజైతే అసలు వాదనే అక్కర్లేదు, అయినా వాదిస్తారు. టెర్రసు కారి మూడో అంతస్తు పైకప్పు తడిస్తే ఆ ఖర్చు అందరిదీ, ఎందుకంటే టెర్రసు అందరిదీ. రెండో అంతస్తు బాత్రూము కారి మొదటి అంతస్తు తడిస్తే అది ఆ ఇద్దరి మధ్య వ్యవహారం. ఈ రెంటినీ కలిపేసి మీటింగులు పాడుచేసుకుంటారు.

నీళ్ల సంగతిలో చెన్నైవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మెట్రో వాటర్ సంపులోకి, సంపు నుంచి మోటారు వేస్తే పైట్యాంకులోకి. చాలనప్పుడు బోరు, అదీ చాలనప్పుడు లారీ. 2019 నీటి ఎద్దడిలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చి నగరానికి పోశారు. 2003లోనే ప్రతి భవనానికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశారు. పాత భవనాల్లో ఆ గొట్టాలు గోడకు ఉన్నాయి గానీ, కింద గుంత పూడి చాలా ఏళ్లయి ఉంటుంది. మూత ఎత్తి చూడటానికి అరగంట పట్టదు. చెరువు మీద ఇల్లు కట్టుకున్నవాళ్లం, ఆ అరగంట కేటాయించవచ్చు.

లిఫ్ట్ అసలు చిక్కు. మా వీధిలో మూడో అంతస్తులో ఒక మామ్మగారున్నారు. ఉదయం కూరగాయల బండి రాగానే బాల్కనీలోంచి తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట దించుతారు. అందులో యాభై రూపాయల నోటు, దాని మీద బరువుకు ఒక చింతపండు ఉండ. "ములక్కాడ లేతది వెయ్యి నాయనా, నిన్నటిది పీచు" అని పైనుంచి అరుస్తారు. అతను తమిళంలో ఏదో అంటాడు, ఆవిడ తెలుగులోనే బదులిస్తారు, బేరం మాత్రం తెగుతుంది. గుడి, క్లబ్బు, కచేరీ అన్నీ నడిచేంత దూరంలోనే ఉన్నాయి. ఆవిడకు అడ్డం ఉన్నది మెట్లు.

పాత భవనానికి బయటివైపు ఉక్కు చట్రంతో లిఫ్ట్ పెట్టించుకోవచ్చు, చోటుంటే. చోటంటే పక్క ఖాళీలో వదలాల్సిన సెట్‌బ్యాక్, కాబట్టి అనుమతి చూసుకోవాలి. ఖర్చులో వాటా ఇచ్చేది లేదంటారు గ్రౌండ్ ఫ్లోరు వాళ్లు. ఇంకో మెలిక ఉంది. మూడంతస్తులకు మించకుండా, పది ఇళ్లకు మించకుండా, లిఫ్ట్ లేని చిన్న భవనాలకు కామన్ సర్వీసు కరెంటు, అంటే మెట్ల దీపాలు, మోటారు లాంటి ఉమ్మడి వాడకం, రేటును 2023లో యూనిట్‌కు 5.50 రూపాయలకు తగ్గించారు. లిఫ్ట్ వస్తే ఆ రాయితీ పోతుంది. ఈ మాట పట్టుకుని లిఫ్ట్ వద్దనేవాళ్లూ ఉన్నారు. నెలకు మిగిలే కాస్త డబ్బు కోసం ఒక ముసలావిడను మూడో అంతస్తులో కట్టేయడం నాకైతే దారుణంగా తోస్తుంది.

ఇక కార్లు. ఎనిమిది ఇళ్లు, మూడు కార్లు పట్టే చోటు. బిల్డరు ఆ మూడింటినీ ఎవరికో విడిగా అమ్మానంటాడు. స్టిల్ట్ పార్కింగును ఫ్లాట్ల నుంచి వేరుచేసి బిల్డరు అమ్ముకోకూడదని సుప్రీంకోర్టు 2010లో నహల్‌చంద్ కేసులో తేల్చింది. అది మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన తీర్పు, అయినా దేశమంతా దాన్ని ఉదహరిస్తారు. రియల్ ఎస్టేటును అదుపు చేయడానికి వచ్చిన 2016 రెరా చట్టం కూడా తెరిచి ఉన్న పార్కింగును ఉమ్మడి స్థలంలోనే చేర్చింది. మరి ముప్పై ఏళ్లుగా ఒకే కారు నిలుస్తున్న చోటును ఖాళీ చేయించడం ఎలాగంటారా? తీర్పు చేతికిచ్చి పంపినంత మాత్రాన అవ్వదు. కొత్త భవనం ఒప్పందంలో ఎవరికి ఏ చోటో గీసి రాయించుకోవడమే చాలామందికి మిగిలిన మార్గం.

ఇప్పుడు బిల్డరు లెక్కకు వద్దాం. మన 4,800 అడుగుల స్థలానికి 2 చొప్పున 9,600 అడుగులు కట్టవచ్చు. అందులో 7,200 మన ఎనిమిది ఇళ్లకు పోతే అతనికి అమ్ముకోవడానికి మిగిలేది 2,400. ఆ డబ్బుతో మొత్తం భవనం కట్టాలి, రెండేళ్లు మన అద్దెలు భరించాలి, లాభం చూసుకోవాలి. ఒక్కొక్కరికి వంద అడుగుల ఎక్స్‌ట్రా అంటే 800 పోయి 1,600 మిగులుతుంది. అందుకే అతను ప్రీమియం ఎఫ్ఎస్ఐ మాట ఎత్తుతాడు. రోడ్డు వెడల్పును బట్టి ప్రభుత్వానికి రుసుము కట్టి 50 శాతం దాకా అదనంగా కట్టుకునే వీలు అది. సన్న వీధికి అంత రాదు. 30 శాతం వచ్చిందనుకుంటే 12,480 అవుతుంది, అతని చేతిలో 5,280 ఉంటుంది. లేదంటే పక్క స్థలం వాళ్లనూ కలుపుకుందాం అంటాడు. ఎక్స్‌ట్రా అడిగే ముందు ఈ కూడికలు మన వైపు నుంచి వేసుకుంటే, ఏది అత్యాశో ఏది న్యాయమో తెలుస్తుంది. ఏమీ అడగకుండానే "రెండొందలు ఇస్తామండీ" అన్నవాడిని మరీ జాగ్రత్తగా చూడాలి.

ఎందుకంటే అడుగులు అన్నీ ఒకటి కావు. పాత బిల్డరు ఒప్పందంలో 900 అంటే గోడలు, మెట్లలో చిన్న వాటా కూడా కలిపి. లోపల చీపురు తిరిగే చోటు 780 ఉందనుకుందాం. కొత్త ఇల్లు 1,050 అంటాడు. అందులో లాబీ, లిఫ్ట్, మెట్లు, జెనరేటరు గది, వాచ్‌మన్ బాత్రూము అన్నిటి వాటా కలిపి సూపర్ బిల్టప్. లోపల చూస్తే 740. పెరిగింది కాగితం మీద, తగ్గింది వంటింట్లో. రెరా చెప్పే కార్పెట్ ఏరియాలో బయటి గోడలూ బాల్కనీలూ కలవవు, లోపలి అడ్డుగోడలు కలుస్తాయి. పాత ఇంటిని టేపు పెట్టి అదే లెక్కన కొలిపించి, కొత్తదానికీ కార్పెట్ అంకే ఒప్పందంలో రాయించాలి. కొత్త యూడీఎస్ కూడా రాయించాలి. 600 ఉన్నది, కొత్త ఫ్లాట్లు చేరాక తగ్గుతుంది. ఎంతకు తగ్గుతుందన్నది ముందే తెలియాలి.

రెరా ఉంది కదా అని ధీమా పడటానికి లేదు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రిజిస్ట్రేషను అక్కర్లేదని ఆ చట్టంలోనే ఉంది. రెండు గ్రౌండ్లంటే 446 చదరపు మీటర్లు. ఈ పేటల్లో పాత స్థలాలు ఎన్నో ఆ గీత కిందే ఉంటాయి. అప్పుడు మనకు దిక్కు ఒప్పంద పత్రమే. ఆలస్యమైతే అద్దె ఎంత, ఎన్నాళ్లు, బిల్డరు మధ్యలో చేతులెత్తేస్తే బ్యాంకు గ్యారంటీ ఎంత, మన వాటా ఫ్లాట్లు అప్పగించకముందే అతను తన ఫ్లాట్లు అమ్ముకోవచ్చా. ఎనిమిది కుటుంబాలు కలిసి సొంత లాయరును పెట్టుకోవాలి. బిల్డరు లాయరు ఎంత మంచివాడైనా బిల్డరు లాయరే.

ఎనిమిది మందీ ఒప్పుకోవాలా? ఇదివరకు ఒక్కరు కాదంటే పని ఆగిపోయేది, ఏళ్లకేళ్లు. 2024 మార్చిలో అమల్లోకి వచ్చిన తమిళనాడు అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం, అంటే 2022 నాటిది, 1994 చట్టం స్థానంలో వచ్చి మూడింట రెండు వంతుల మంది సమ్మతి చాలంది. మన ఎనిమిదింటిలో ఆరు. దీనివల్ల మొండికేసిన ఒక్కరి చేతిలో మిగతా ఏడుగురు చిక్కుకోవడం తగ్గుతుంది. అదే సమయంలో, భయంతో వద్దనే ఒంటరి మనిషి మాటకు బలం కూడా తగ్గింది. రెండూ నిజమే, నేను చట్టం వైపే మొగ్గుతాను. పెచ్చులూడే శ్లాబు కింద పిల్లలు పడుకునే ఇంట్లో వీటో హక్కు ఎవరికీ ఉండకూడదు.

ఆ ఆరుగురు దొరకడం కూడా తేలికేం కాదు. తాతగారి పేరు మీదే ఫ్లాటు ఉంటుంది, ఆయన పోయి పదేళ్లు. నలుగురు పిల్లల్లో ఇద్దరు డల్లాస్, ఒకరు సింగపూర్, ఒకరు ఇక్కడ. ముందు వారసుల ధ్రువపత్రం, తర్వాత అందరి సంతకాలు. విదేశంలో రాసిన పవరాఫ్ అటార్నీ ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి, లేదంటే మళ్లీ మొదటికి. ఇలాంటి ఇళ్లు భవనానికి రెండుంటే చాలు, బిల్డరు ఆఫరు గడువు దాటిపోతుంది. అన్నదమ్ములు మాట్లాడుకునే స్థితిలో ఉన్నప్పుడే ఈ కాగితాలు చేయించుకుంటే మంచిది.

ఈ లెక్కల్లో ఎక్కడా కనబడనివాళ్లు అద్దెకున్నవాళ్లు. ఎనిమిదింటిలో సగం ఇళ్లు అద్దెవే అయినా ఆశ్చర్యం లేదు. వీధిలో రోజూ నడిచేది, కొట్టువాడికి పేరు తెలిసింది, స్కూలుకు పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది వాళ్లే. మీటింగులో వాళ్లకు ఓటు లేదు. 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న తమిళనాడు అద్దె చట్టం ప్రకారం పడగొట్టి కట్టడం ఖాళీ చేయించడానికి చెల్లే కారణమే. అద్దె ఒప్పందం రిజిస్టరు చేయించుకున్నవాళ్లకు కనీసం గడువు, అడ్వాన్సు తిరిగి రావడం కాగితం మీద ఉంటాయి. చెన్నైలో ఆ అడ్వాన్సు చిన్న మొత్తం కాదు. కొత్త భవనం లేచాక అదే వీధిలో అద్దె వాళ్లకు అందే ధరలో ఉండదు. వాళ్లు పల్లావరమో పోరూరో వెతుక్కుంటారు, స్కూలు బస్సు వేసుకుంటారు.